చెర వీడినవానికి పని

న్యాయస్థానము శిక్ష విధించునపుడు దాని కొక కొలత పెట్టును. రెండు సంవత్సరములనియో, అయిదు సంవత్సరములనియో తీర్పున వ్రాయబడును. ఆ కొలతకు మించి యొక్క దినమైనను ఖైదీని నిలిపియుంచుటకు ఏ యధికారికిని హక్కు లేదు. కాని ఆ గడువు ముగిసి, తలుపు తెరచి, వానిని వీథిలోనికి పంపిన పిమ్మట లోకము మరియొక శిక్షను ప్రారంభించుచున్నది. దానికి తీర్పు లేదు, గడువు లేదు, అప్పీలును లేదు. పని యడుగబోయిన చోట "ఇన్నాళ్లు ఎక్కడ నుంటివి?" అను ప్రశ్నతో అది మొదలగును. ఈ రెండవ శిక్షను గూర్చియు, దానిని తొలగించుటకై విద్యావంతులు చేయదగిన పనిని గూర్చియు ఈ పాఠమున విచారింపబూనితిమి.

1. విషయముయొక్క పరిమాణము

2022వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ నాటికి మన దేశపు కారాగారములలో 5,73,220 మంది యున్నట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. వీరిలో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదియయిదుగురికి పైగా, విచారణలో నున్నవారే. నేరము రుజువు కానివారే. మరణించువారిని మినహాయించిన, వీరిలో మిక్కిలి కొలది మంది తప్ప తక్కిన వారందరును నేడో రేపో మన నడుమకు తిరిగి వచ్చువారే. వారు వత్తురా రారా యన్నది ప్రశ్న కాదు. ఏ స్థితిలో వత్తురు, వచ్చి యే పని చేసి బ్రదుకుదురు అన్నదియే ప్రశ్న.

న్యాయవాద వృత్తిలో నున్న మా వంటివారికి ఈ ప్రశ్న సాధారణముగా కనబడదు. తీర్పు వచ్చుటతో మా కాగితముల కట్ట ముడివడును. ముద్దాయి యెటు పోయెనో మేము చూడము. మరల నేరము మోపబడి అదే మనుష్యుడు బోనులో నిలిచినపుడు మాత్రము అతని పూర్వచరిత్ర యొక వాక్యముగా చదువబడును. నడుమ గడచిన మాసములలో అతడు ఎన్ని గడపలు త్రొక్కెనో, ఎన్ని చోట్ల త్రోసివేయబడెనో ఏ రికార్డునను ఉండదు.

2. చెప్పినవారు లేక కాదు

ఈ కర్తవ్యమును మనకు ఎవ్వరును బోధింపలేదని అనుటకు వీలులేదు. 1894వ సంవత్సరపు కారాగార చట్టము కట్టుబాటును, కావలిని, దండనను గూర్చియే ముఖ్యముగా పలికినది. కాని 1919-20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన కూడిన కారాగార విచారణ సంఘము, ఖైదీని సంస్కరించుట కారాగారమునకు ఉద్దేశము కావలెనని స్పష్టముగా చెప్పి, విడుదలయినవారికి తోడ్పడు సంఘములు అవసరమని సూచించినది. 1980 మొదలు 1983 వరకు పనిచేసిన జస్టిస్ ముల్లా గారి సంఘము అదే మాటను మరింత విస్తరముగా చెప్పెను. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఆదర్శ కారాగార నియమావళియు, 2023లో రాష్ట్రములకు పంపిన ఆదర్శ చట్టమును వృత్తి శిక్షణను, విడుదలానంతర సహాయమును పేర్కొన్నవి. కారాగారములు రాష్ట్రముల యధికారమునకు లోబడినవి గనుక ఆదర్శ చట్టము ఆయా రాష్ట్రములు అంగీకరించిననే యమలులోనికి వచ్చును. ఏమైనను, నూరు సంవత్సరములుగా సూచనలకు లోటు లేదు. లోటు మరియొక చోట నున్నది.

3. లోపల నేర్పు పనులు

మన కేంద్ర కారాగారములలో నేత, వడ్రంగము, దర్జీపని, కమ్మరము మొదలగు వృత్తులు బహుకాలముగా నేర్పబడుచున్నవి. ఇది మెచ్చదగినదే. అయినను ఈ శిక్షణ వెలుపల అక్కరకు రాకపోవుటకు మూడు కారణములు కానవచ్చుచున్నవి.

మొదటిది: కర్మశాల ముఖ్యముగా శిక్షపడినవారికే. కఠినశిక్ష పొందినవాడు పనిచేయవలెనని చట్టము విధించును. విచారణలో నున్నవానికి ఆ విధి లేదు. కావున సంఖ్యలో ముప్పాతిక భాగమైన వీరు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, చేతులు ముడుచుకొని కూర్చుందురు. తుదకు నిర్దోషియని విడుదలయినవాడును ఉన్న పనిని పోగొట్టుకొని, క్రొత్త పని యేదియు నేర్వక వెలికి వచ్చును. శిక్షపడిన దోషికి దొరకిన మగ్గమైనను ఈ నిర్దోషికి దొరకదు.

రెండవది: ఎవనికి ఏ పని యను నిర్ణయము చాలకాలము వరకు బుద్ధినిబట్టి గాక పుట్టుకనుబట్టి జరుగుచు వచ్చినది. పెక్కు రాష్ట్రముల నియమావళులు వంట యొక కులమునకును, ఊడ్పు మరియొక కులమునకును కేటాయించినవి. 2024వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి నిబంధనలు రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసెను. వెలుపల కులమును వీడుడని ఉపన్యసించు ఈ దేశమున, ప్రభుత్వపు గోడల లోపలనే చీపురు ఎవని చేతికి పోవలెనో జాతినిబట్టి వ్రాసియుండుట ఎంతటి యవమానము! నియమము పోయినది. అలవాటు పోయెనా యని చూచుచుండుట పౌరుల విధి.

మూడవది కూలి. 1988లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఖైదీల శ్రమకు కనీస వేతనము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 1998లో సర్వోన్నత న్యాయస్థానము, కఠినశిక్ష పొందినవానిచే పనిచేయించుట న్యాయమే యైనను ఆ పనికి సమంజసమైన వేతనమీయక తప్పదనియు, ఆ వేతనమున కొంత భాగమును నేరమువలన నష్టపడినవారికై తీసి యుంచవలెననియు నిర్ణయించెను. ఇందులో రెండు న్యాయములు ఒక్కచోట కలిసినవి. బాధితునికి పరిహారము దొరకును. ఖైదీకి తాను చేసిన హానిని తన చెమటతో తీర్చితినన్న తెలివి కలుగును. మిగిలిన సొమ్ము విడుదల నాటికి చేతిలో నున్నచో మొదటి నెల అద్దెకును అన్నమునకును ఆధారమగును. కూలి తక్కువయైన కొలది ఆ యాధారము సన్నగిలును.

4. వెలుపలి తలుపు

పైని చెప్పిన మూడు లోపములును సవరింపబడినవనియే అనుకొందము. చక్కగా వడ్రంగము నేర్చినవాడు, చేత కొంత సొమ్ముతో వెలికి వచ్చెననుకొందము. వానికి పని యిచ్చువాడెవడు?

అమెరికాలో మిల్వాకీ నగరమున డేవా పేజర్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 2001లో ఒక పరీక్ష చేసి, 2003లో ఫలితములను ప్రకటించెను. సమానమైన చదువును, మాటతీరును గల యువకులను ఉద్యోగములకు దరఖాస్తు చేయ బంపి, కొందరు కారాగారమునుండి వచ్చినవారమని చెప్పునట్లు ఏర్పాటు చేసెను. తెల్లజాతివారిలో నేరచరిత్ర లేదన్న వారిని నూటికి 34 చోట్ల మరల పిలిచిరి. ఉన్నదన్నవారిని 17 చోట్ల పిలిచిరి. నల్లజాతివారిలో లేదన్నవారిని 14 చోట్లను, ఉన్నదన్నవారిని 5 చోట్లను మాత్రమే పిలిచిరి. ఏ నేరమును చేయని నల్లవానికంటె చెరనుండి వచ్చితినన్న తెల్లవానికే ఎక్కువ తలుపులు తెరువబడినవి! పుట్టుకయే ఒక నేరచరిత్రగా ఎంచబడుచున్నదని ఈ లెక్క తేల్చుచున్నది.

ఇది పరదేశపు మాటయని త్రోసివేయుటకు మన తెలుగునాటివారికి వీలులేదు. 1871వ సంవత్సరపు నేరస్థ జాతుల చట్టము కొన్ని తెగలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. బాపట్ల చేరువ స్టూవర్టుపురమున ఎరుకలవారికై సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున ఏర్పడిన వలస మనకు తెలిసినదే. అచ్చట భూమి యున్నది, పని యున్నది, బడి యున్నది. కాని హాజరుపట్టీయు, కావలియు, అనుమానమును వాని వెంటనే యున్నవి. మద్రాసు రాష్ట్రమున ఆ చట్టము 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయ్యెను. అయినను ఆ యూరి పేరు చెప్పినవానిని చూచి జనులు సంచి గట్టిగా పట్టుకొనుట యెన్ని దశాబ్దములు సాగినదో పెద్దలు ఎరుగుదురు. శ్రీమతి హేమలతా లవణము గారును, శ్రీ లవణము గారును ఆ యూర పనిచేసి, అచ్చటివారితో మనుష్యులకు మనుష్యులుగా కూడిమాడి చూపిరి. నమ్మకము లేక యిచ్చిన పని కావలికి మరియొక పేరే యని ఆ వలస చరిత్ర మనకు నేర్పుచున్నది.

చట్టము ఈ విషయమున పూర్తిగా మూగది కాదు. 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము 12వ విభాగము, ఆ చట్టము క్రింద మందలింపుతోనో సత్ప్రవర్తన హామీతోనో విడిచిపెట్టబడినవానికి ఆ శిక్షానిర్ణయమువలన కలుగు అనర్హత యేదియు అంటదని చెప్పుచున్నది. 2016లో సర్వోన్నత న్యాయస్థానము, ఉద్యోగార్థి తన పూర్వచరిత్రను దాచుట తప్పే యైనను, యజమాని ఆ నేరముయొక్క స్వభావమును, అది అల్పమైనదా ఘోరమైనదా యనుటను, ఉద్యోగముయొక్క స్వభావమును విచారించి నిర్ణయము చేయవలెనని మార్గము చూపెను. కండ్లు మూసికొని త్రోసివేయుట న్యాయము కాదని దీని సారము.

5. ఫలించిన మూడు ప్రయత్నములు

రాజా రామమోహనరాయలు 1833లో దేహము చాలించిన బ్రిస్టలు నగరమునకు చెందిన మేరీ కార్పెంటరు కన్య, వారిని యౌవనమున ఎరిగినది. 1866లో మన దేశమునకు వచ్చి స్త్రీవిద్యను, చెరసాలలను పరిశీలించినది. ఆమె లోకమునకు ఆదర్శముగా చూపినది ఐర్లండు పద్ధతి. 1854 మొదలు అచ్చటి కారాగారముల పెద్దయైన వాల్టరు క్రాఫ్టను, కఠిన నిర్బంధమునకును పూర్ణ స్వాతంత్ర్యమునకును నడుమ ఒక మెట్టు కట్టెను. డబ్లిను నగరమున స్మిత్‌ఫీల్డునను, లస్కు అను పల్లెయందును ఖైదీలు కొలదిమంది యధికారుల పర్యవేక్షణలో, తమ మాటమీద నిలిచి పనిచేయుచుండిరి. స్మిత్‌ఫీల్డున ఉపన్యాసకుడైన జేమ్సు ఆర్గను వారికి పాఠములు చెప్పి ఊరకుండలేదు. తానే యజమానుల యొద్దకు పోయి పని యడుగును. విడుదలయినవారిని వారు పనిచేయుచోటికి పోయి కలిసికొనును. ఒక్క మనుష్యుడు తలుపు తలుపు తట్టుట ఆ పద్ధతికి ప్రాణము.

రెండవది మన దేశములోనిదే. రాజస్థానమున జయపురము చేరువ సాంగనేరులో 1963లో బహిరంగ బందీ శిబిరము నెలకొల్పబడెను. అప్పటి గవర్నరు సంపూర్ణానందుల వారి పేర అది వెలసినది. శిక్షలో కొంత భాగము మంచి నడవడితో గడపినవారు అచ్చట భార్యాబిడ్డలతో కాపురముందురు. ఉదయమున వెలుపలికి పోయి పనిచేసి, తమ కుటుంబమును తామే పోషించుకొని, సాయంకాలమునకు హాజరు పలుకుదురు. వారిలో హత్యానేరమునకు యావజ్జీవశిక్ష పొందినవారును పెక్కురు గలరు. ఇచ్చటి విశేషమేమన, విడుదల దినము వచ్చుసరికి వానికి పనియు, ఇల్లును, పొరుగును ముందే యున్నవి. మన తెలుగునాటను అనంతపురము చేరువను, చెర్లపల్లియందును ఖైదీల వ్యవసాయ క్షేత్రములు గలవు. తెలంగాణ కారాగారశాఖ పెట్రోలు బంకులను నడిపి, ఖైదీలనే గాక విడుదలయినవారిని గూడ అందు పనిలో పెట్టినది. ఇవి మంచి మొదళ్లు. కాని వెలికి వచ్చువారందరికిని ఒక శాఖయే యజమాని కాజాలదు.

మూడవది న్యూయార్కు నగరమునందలి యొక సంస్థ అనుభవము. విడుదలయినవానికి వెంటనే తాత్కాలికమైన కూలిపని యిచ్చి, అటుపిమ్మట స్థిరమైన పని వెదకి పెట్టుట దాని పద్ధతి. 977 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి పరీక్షించినపుడు, ఉద్యోగమున కనబడిన లాభము మొదటి సంవత్సరము దాటిన పిదప నిలువలేదు. కాని విడుదలయిన మూడు మాసములలోపల ఆ పనిలో చేరినవారు మరల శిక్షపడి చెరకు పోవుట స్పష్టముగా తగ్గెను. ఆలస్యముగా చేరినవారిలో ఆ ఫలము అంతగా కనబడలేదు. ఇందు మనము పట్టుకొనవలసిన సూత్రము గలదు: సహాయమునకు కాలమున్నది. ఆకలిగొన్నవాని పాత స్నేహితులు మొదటి వారముననే వచ్చి పలుకరింతురు. మంచివారు ఆరు మాసములకు సమావేశము కూడి తీర్మానము చేయుదురు. ఎవరు ముందు వచ్చిరో వారిదే గెలుపు.

6. ఆక్షేపణలకు సమాధానము

"తప్పు చేయని బీదలకే పని లేదు. తప్పు చేసినవానికి ఏల పెట్టవలెను?" అని యడుగువారు గలరు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మేము కోరునది వానిని ముందు నిలుపుమని కాదు. వరుసలోనుండి త్రోసివేయవద్దని మాత్రమే. పైగా పని లేనివాడు మరల తప్పు చేసిన, దాని ఫలము ననుభవించువాడు మరియొక నిరపరాధియే. కాబోవు బాధితుని పక్షమున నిలిచి చూచిన, ఈ పని దయ కాదు, ముందుజాగ్రత్త.

"ఇంటిలో అపాయము రాదా?" యన్నది రెండవది. వివేకమును విడువుమని ఎవరును చెప్పుటలేదు. ధనాపహరణమునకు శిక్షపడినవానికి మొదటినాడే బొక్కసపు తాళము అప్పగింప నక్కరలేదు. పిల్లలకు హాని చేసినవానిని పిల్లలున్న చోట ఎన్నటికిని నియమింపరాదు. కాని బొక్కసపు తాళము ఈయరానివానికి రంపమును, మగ్గమును, పారను ఈయవచ్చును గదా!

మూడవది స్త్రీల మాట. పురుషుడు చెర విడిచి వచ్చిన, గుసగుసల నడుమనైనను ఇంటి తలుపు తరచుగా తెరువబడును. స్త్రీ వచ్చిన, పుట్టినిల్లును మెట్టినిల్లును ఒక్కటిగా మూతపడుట కలదు. తల్లితో చెరలో నుండదగిన బిడ్డల వయఃపరిమితి ఆరు సంవత్సరములని 2006లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. ఆరేండ్లు నిండిన బిడ్డ వెలుపలికి పంపబడును. తల్లి విడుదలయిన నాడు బిడ్డను తిరిగి తెచ్చుకొనుటకు ఇల్లు కావలెను. ఇంటికి అద్దె కావలెను. అద్దెకు పని కావలెను. స్త్రీల విషయమున పనికి ముందు వసతి చూపనిది ఏ ప్రయత్నమును నిలువదు.

7. చేయదగినది

ఈ విచారణమునుండి తేలిన పనులను వరుసగా వ్రాయుచున్నాము. ఒక్కొక్క పట్టణమున పదిమంది కలిసినచో ఇవి సాధ్యములే.

ఒకటి: విడుదలకు మూడు మాసములు ముందే అధికారుల యనుమతితో ఖైదీని కలిసికొని, అతనికి తెలిసిన పని యేదో, ఇల్లున్నదో లేదో, అప్పు లెన్నియో, ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా మొదలగు కాగితములు గలవో లేవో వ్రాసికొనవలెను. కాగితములు లేనివాడు పని దొరకినను కూలి పుచ్చుకొనుటకు చిక్కుపడును.

రెండు: యజమానికి నిజము చెప్పవలెను. దాచి చేర్చిన పని, నిజము బయటపడిన నాడు పోవును. దానితోపాటు తరువాత రాబోవువాని పనియు పోవును. కాని ఆ నిజము యజమానికి మాత్రమే, తోటిపనివారికెల్ల చాటరాదు.

మూడు: మొదటి వారపు కూలిని దినదినము నీయవలెను. నెల చివర జీతమను నియమము ఇంట బియ్యమున్నవానికే సరిపడును.

నాలుగు: పక్షమున కొకసారి సంఘమువారిలో నొకరు పనిచోటికి పోయి యజమానిని, పనివానిని ఇద్దరిని పలుకరింపవలెను. చిన్న తగవు పెరిగి పని మానకముందే తీర్చవలెను.

అయిదు: విచారణలో నుండి విడుదలయినవారిని మరువరాదు. న్యాయవాదులు తమ కక్షిదారుడు జామీనుపై వచ్చిన దినముననే ఈ సంఘమునకు తెలుపుట తమ వృత్తిలో భాగముగా నెంచవలెను.

ఈ యయిదింటిలోను ప్రభుత్వపు ఖజానా తెరువవలసినది ఏదియు లేదు. ముద్రణశాలయో, బియ్యపు మరయో, తోటయో, దుకాణమో, కచ్చేరియో గల ప్రతి గృహస్థుడును తనయందు ఒక్క పనివాని చోటు ఉన్నదా యని నేడు చూచుకొనవలెను. చెరసాలలో శిక్షణ యెంత పెరిగినను, ఆ నేర్పును కొనువాడు లేనిచో అది గోడలోపలనే మిగిలిపోవును. న్యాయాధిపతి తీర్పులో వ్రాసిన గడువు ముగిసినదని చెప్పు నధికారము ఇక మిగిలినది ఎవరికనగా, పని యడుగ వచ్చినవానికి "రేపటినుండి రమ్ము" అని చెప్పగలవానికే.